పిచ్చుకగూటి గోదాము

1953. కొత్త ఆంధ్ర రాష్ట్రం ఏర్పడుతున్న ఏడాది. చిత్తూరు అటు పోతోంది, మా గుడియాత్తం ఇటు పాత రాష్ట్రంలోనే ఉండిపోతోంది. బజారులో నలుగురు చేరితే ఇదే మాట. నలభై దాటిన మేస్త్రీని నేను, నాకు మాత్రం మునిరత్నం శెట్టిగారి గోదాము తప్ప వేరే ధ్యాస లేదు.

శెట్టిగారిది బెల్లం వ్యాపారం. అంగడి వెనక సన్నటి స్థలంలో మందంగా గోడలు లేపాను. పైన వాల్ట్ వెయ్యాలి, అంటే దూలాలు లేకుండా ఇటుకలతోనే వంపుగా కట్టే కప్పు. అది గట్టిపడేదాకా కింద కర్రతో ఆసరా కావాలి. దాన్ని సెంటరింగ్ అంటాం. ఆలంగాయం నుంచి వస్తుందన్న కర్ర రాలేదు, వేలూరులోనూ దొరకలేదు. సరుకంతా పందిట్లో ఉంది. వానలకు తడిస్తే శెట్టిగారి వ్యాపారం మునిగినట్టే.

నాకొక అలవాటు ఉండేది. పని చిక్కుపడితే ఇసుక కుప్ప దగ్గర కూర్చుని, నీళ్లు చల్లి, కట్టబోయేదాన్ని బొమ్మగా కట్టి చూసుకునేవాణ్ణి. ఎప్పటికి పెద్దవాణ్ణవుతానో అని మా ఆవిడ విసుక్కునేది. ఆ రోజు గోదాము బొమ్మ ఎంతకీ కుదరలేదు. విసుగొచ్చి, చిన్నప్పటిలాగా పాదం మీద తడి ఇసుక మెత్తి, తట్టి, కాలు మెల్లగా లాగాను. పిచ్చుకగూడు నిలిచింది. సెంటరింగ్ చేసే పనే నా కాలు చేసింది.

అప్పుడే శెట్టిగారు వచ్చారు.

"ఏమప్పా, నా బెల్లం కరిగిపోయేట్టుంటే నువ్వు ఇసకలో ఆడుకుంటా ఉండావా? వేలూరు మేస్త్రీని పిలిపించేదా?"

"కర్ర లేకపోతే పాయె శెట్టిగారూ. లోపలంతా ఇసక నింపి, దాని మీదనే ఇటుక కడతాము. గట్టిపడినాక ఇసక తోడేస్తాము. ఏట్లో కావలసినంత ఉండాది."

"నిలబడకపోతే?"

"తోడేటప్పుడు లోపల నేనే ఉంటాను."

ఆయన వంగి ఆ గూటిని వేలితో తట్టి చూసి, సరేనన్నారు.

కౌండిన్య ఏటి నుంచి బండ్లు తోలించాం. గోడల పైదాకా ఇసుక నింపి, తడిపి, గుండ్రంగా దిద్ది, సున్నంతో ఇటుక పేర్చాం. గోదాము కట్టమంటే ఇసుక దాస్తున్నాడని బజారంతా నవ్వింది. సున్నం గట్టిపడ్డాక, మాట ఇచ్చినట్టే పార పట్టుకుని ముందు నేనే వాకిట్లోంచి తోడుకుంటూ లోపలికి వెళ్లాను. భయం వెయ్యలేదంటే అబద్ధం. ఇసుక తగ్గేకొద్దీ తల మీద కప్పు బయటపడుతూ వచ్చింది. ఒక్క ఇటుక కదల్లేదు.

మొదటి వానకు బెల్లం లోపలే ఉంది. ఆ రోజు పొంగిపోయాను, చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు. తర్వాత వేలూరు మేస్త్రీలు కూడా వచ్చి చూసిపోయారు. అనుభవం చేతికి పనితనం ఇస్తుంది, నిజమే. కానీ దారి మూసుకుపోయిన చోట నన్ను గట్టెక్కించింది చిన్ననాటి ఆటే. ఆ ఆటను ఇప్పటికీ మానలేదు.

ఆ మొదటి వాన వెలిశాక శెట్టిగారు చెప్పులు విడిచి, బయట పోసిన ఇసుకలో పాదం పెట్టి, మెత్తి, లాగారు. గూడు కూలిపోయింది.

"యాడ తప్పినానప్పా?"

"తొందరపడినారు. ఇంకోసారి కట్టండి."

ఆయన పంచె ఎగ్గట్టి మళ్లీ కూర్చున్నారు.