జ్వరమొస్తే మంచిదే అన్న మనిషి

అరబ్బు దేశంలో దజీజ్ అనే చోట ఓ చిన్న క్లినిక్‌లో పనిచేసిన కోనసీమ నర్సు నాకిప్పటికీ గుర్తొస్తుంది. బోదకాలు మందు వేసుకుని జ్వరమొచ్చిందన్న ప్రతివాళ్లతోనూ ఆవిడ "మంచిదే" అనేది.

రక్తపరీక్షలో బోదకాలు బయటపడ్డ షుఐబా ఫ్యాక్టరీల్లో పనిచేసే వెల్డర్ ఒకడు మాత్రల అట్ట ఆవిడ బల్ల మీద పడేశాడు. అతని కాలింకా వాయలేదు.

"ఇయ్యేసుకున్న కాడ్నుంచీ ఒకటే జొరం అక్కా. ఇంక ఖలాస్, ఏసుకోను."

"మంచిదేరా తమ్ముడూ. మందుకి పురుగులు చస్తున్నాయి. చచ్చినవాటి మీద నీ ఒళ్లు కలబడుతోంది. ఆ వేడే ఇది, తగ్గుద్ది."

"నీకేం, ఎన్నైనా చెప్తావ్. జొరం నీకొస్తే తెలిసేది."

ఆవిడ నవ్వలేదు. ఎడమకాలి ప్యాంటు అంచు పైకి లాగింది. కాలు మోకాలి దాకా వాచి, గట్టిపడి ఉంది.

"నాకూ ఆ జొరమే వచ్చిందిరా. భయపడి మందు మానేశాను."

అతను అట్ట చేతిలోకి తీసుకుని, మంచినీళ్లెక్కడున్నాయని అడిగాడు.