ఉదాహరణకు ఒక మార్కు

మొన్న కాశీబుగ్గలో మా ఇంటి వరండాలో కూర్చుని మనవరాలు సాంఘికశాస్త్రం బట్టీ పడుతోంది. పేదరికానికి కారణాలట. నిరక్షరాస్యత, అధిక జనాభా, సోమరితనం. మూడో మాట దగ్గర నేను తుంచుతున్న చిక్కుడుకాయ చేతిలో అలాగే ఉండిపోయింది. సోంపేట దగ్గర ఒక ఉద్దానం ఊరి బడిలో ఆ నోట్సు ఏళ్ళ తరబడి చెప్పి రాయించినదాన్ని నేనే. కామా ఎక్కడ పెట్టాలో కూడా చెప్పేదాన్ని. అంత శ్రద్ధ నాది.

ఒక ఏడాది తొమ్మిదో తరగతికి అదే ప్రశ్న ఇచ్చి, మీ ఊరి ఉదాహరణ రాస్తే ఒక మార్కు ఎక్కువ వేస్తానన్నాను. బెస్తల కుర్రాడొకడు వలకి చేప పడకపోవడం కారణమని రాశాడు. ఇంకొకడు తుఫాను అన్నాడు. ఇంకొకడు మా మావ పేకాట అన్నాడు. పుస్తకంలో లేవని ముగ్గురికీ సున్నా చుట్టాను. వెనక బెంచీ పిల్ల ఒకతె మాత్రం పుస్తకంలో ఉన్నదే రాసింది. "సోమరితనం. ఉదాహరణకు మా అయ్య. ముందు కొబ్బరిచెట్లు ఎక్కేవాడు. ఇప్పుడు పగలంతా మంచం మీద తొంగుంటాడు. అమ్మ ఒక్కతే జీడిపిక్కలు కొట్టడానికి వెళుతుంది." ఎర్రసిరాతో చాలా బాగుంది అని రాసి, మార్కు వేసి, తరగతిలో పైకి చదివాను. పిల్లలు నవ్వారు. నేనూ నవ్వాను. ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను తలుచుకుంటే.

పేపర్ల మీద తల్లిదండ్రుల సంతకం పెట్టించి తెమ్మనడం మా బడి పద్ధతి. మర్నాడు పేపరు పట్టుకుని ఆ పిల్ల తండ్రే వచ్చాడు. ఐదో తరగతి చదివిన మనిషి, అక్షరాలు కూడబలుక్కుని మొత్తం చదివాడట. మెట్ల మీద కూర్చుని ఆయాసపడుతూ, "పిల్ల అబద్దం రాయనేదమ్మా. తొంగునే ఉంటన్నాను. లెగిత్తే కళ్ళు తిరగతన్నాయి. మీ రాత సూసి పొద్దున్న సెట్టెక్కినాను. సగంలోనే దిగిపోనాను" అన్నాడు. కోపం లేదు, క్షమించమన్నట్టే ఉంది ఆ గొంతు. అతని పాదాలు చూశాను. వేలితో నొక్కితే గుంట పడేలా ఉబ్బి ఉన్నాయి. కిడ్నీ జబ్బుకి పేరుపడ్డ ఉద్దానంలోనే పుట్టి పెరిగినదాన్ని, అప్పట్లో మా వీధిలోనే ఇద్దరు కిడ్నీలు పోయి డయాలసిస్‌కి తిరిగేవారు. తొంగుంటాడన్న మాట చదివినప్పుడు నాకెందుకు తట్టలేదు? నేనే బలవంతం చేసి రక్తపరీక్షకు పంపాను. అప్పటికే రెండు కిడ్నీలూ పాడైపోయాయి.

కొన్ని నెలలు అతన్ని పలాస ఆసుపత్రికి తిప్పారు. ఒక శనివారం బడి వదిలే వేళకి ఆ పిల్ల నా దగ్గరికి వచ్చి నిలబడింది. "ఆ పేపరు ఇత్తారా టీచర్? తప్పని కొట్టీసి మీరు సంతకం పెట్టండి. మా అయ్యకి సూపించాల" అంది. పేపర్లు ఆఫీసు బీరువాలో ఉన్నాయి. తాళం హెడ్మాస్టరు దగ్గర, ఆయన అప్పుడే బస్సెక్కి వెళ్ళిపోయారు. ఆయన ఇల్లు టెక్కలి. నేను వెళ్ళి తాళం తేవచ్చు, కానీ మా ఇంట్లో చుట్టాలు ఉన్నారు. సోమవారం ఇస్తానులే అన్నాను. సరేనని తలూపి వెళ్ళిపోయింది.

సోమవారం ఆ మార్కు కొట్టేసి, టీచరు చెప్పింది తప్పు అని రాసి సంతకం పెట్టి, వాళ్ళింటికి నేనే పట్టుకెళ్ళాను. ఆదివారం సాయంత్రమే అతను పోయాడు. పిల్ల ఆ కాగితం మొత్తం చదివి, తిరిగి నా చేతిలో పెట్టింది.

"ఇప్పుడెందుకు టీచర్" అంది.

ముప్పై ఏళ్ళు బడి గంటల ప్రకారం బతికాను, ఎదుటి మనిషికి ఎంత కాలం మిగిలిందో చూసి నడుచుకోవడం మాత్రం నాకు చేతకాలేదు.