కార్డు నమ్మొద్దు, చెవి చూడమన్న మా మునిరత్నం

నిన్న ఉదయం ఏడుంపావుకు మా తమ్ముడు మునిరత్నం భార్య గౌరమ్మ ఫోన్ చేసింది. "వదినా, ఆయన లేడు" అంది.

నా చేతిలో కాఫీ గ్లాసు ఉంది. దాన్ని ఎక్కడ పెట్టానో ఇప్పటికీ గుర్తు లేదు. ఏ వస్తువు ఎక్కడ పెట్టిందీ మర్చిపోయే మనిషిని కాదు నేను.

రెండేళ్ళుగా వాడికి ఊపిరితిత్తులు బాగాలేవు. తెలిసిన సంగతే. అయినా తమ్ముడు. నాకంటే ఏడేళ్ళు చిన్న.

బేతమంగళలో, వాడుండే కేజీఎఫ్‌కు బస్సు ఎక్కి కూర్చున్నాక నాకు తోచిన మొదటి మాట ఇది.

అమ్మయ్య, ఆదివారం హేమ వచ్చి వెళ్ళింది.

ఏడుపు ఆ తర్వాత వచ్చింది. తప్పుగా అనుకోకండి, ఎందుకో చెబుతాను.

మీలో చాలామందికి మునిరత్నం కేజీఎఫ్ బంగారు గనిలో పనిచేసిన మనిషిగానే తెలుసు. మైన్స్ మూసేశాక వాడు బెంగళూరులో ఒక రీసెర్చ్ ల్యాబ్‌లో ఎలుకలను చూసుకునే పనిలో చేరాడు. రోజూ పొద్దున రైలు, సాయంత్రం రైలు. పదిహేడేళ్ళు.

అక్కడ షుగర్ జబ్బు మీద పరిశోధన. ఇన్సులిన్ తయారయ్యేది ప్యాంక్రియాస్‌లో. అందులో ఒక జీన్ ఏం పని చేస్తుందో తెలియాలంటే దాన్ని తీసేసి చూడాలి. ఒళ్ళంతా తీసేస్తే ఎలుక పిల్ల పుట్టకముందే చచ్చిపోవచ్చు. అందుకని ప్యాంక్రియాస్‌లో మాత్రమే ఆ జీన్ లేకుండా పోయేలా ఎలుకలను పుట్టిస్తారు. కండిషనల్ నాకౌట్ అంటారు.

సైన్స్ టీచర్‌గా రిటైరైన నాకు అది విడమరిచి చెప్పింది ఎనిమిదో క్లాసుతో ఆపేసిన వాడే. "ఊరంతా కరెంటు తీసేస్తే ఏం తెలస్తాది అక్కా? ఒగ ఇంట్లో మాత్రం ఫ్యూజు పెరికి చూడల్ల. ఆడ ఏం నిలిచిపోతాదో చూస్తే, ఆ ఫ్యూజు ఎందుకుండాదో తెలస్తాది."

జీన్ పోయిన ఎలుక, పోని ఎలుక, చూపుకు రెండూ ఒకటే. అందుకే పెట్టెకు లోపల ఏ ఎలుక ఉందో రాసిన కార్డు, ఎలుక చెవికి చిన్న గాటు. ఒక్కో ఎలుకకు ఒక్కో చోట. అదే దాని నంబరు. ఆ గాట్లు పెట్టేది మునిరత్నమే.

కొత్తగా వచ్చిన ప్రతి స్టూడెంటుకూ వాడు చెప్పే మొదటి మాట: కార్డు నమ్మొద్దు, చెవి చూడు.

ఆ మాట గనిలోంచి వచ్చింది. షిఫ్టు అయి పైకి వచ్చిన వాళ్ళు ఎవరి టోకెన్ వాళ్ళు బోర్డుకు తగిలించాలి. ఒకసారి ఒకాయన తన టోకెన్‌తో పాటు స్నేహితుడిది కూడా తగిలించేశాడు. బోర్డు ప్రకారం అందరూ పైన. ఆ స్నేహితుడు ఇంకా కిందే. అప్పటినుంచి, అదే గనిలో పనిచేసే మా నాన్న తన గ్యాంగులో ప్రతి ముఖం చూసుకుని గానీ ఇంటికి వచ్చేవాడు కాదు. మునిరత్నానికి నేర్పిందీ అదే.

అలాంటివాడు పోయిన వారం నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాడు. ఆరేళ్ళ కిందట ఒక రోజు పెట్టెలు కడిగి, రెండింటి కార్డులు తారుమారుగా పెట్టాడట. సాయంత్రం రైల్లో గుర్తొచ్చింది. మరుసటి పొద్దున వెళ్ళి చూస్తే కార్డులు సరిగానే ఉన్నాయి. ఎవరు సరిచేశారో తెలియదు. హేమ ఆ ఎలుకలకు షుగర్ పరీక్ష చేసింది అంతకు ముందో, తర్వాతో తెలియదు. అడగడానికి నోరు రాలేదు. తర్వాత రిటైరయ్యాడు.

హేమ మన బూదికోట అమ్మాయి. ఆ ఎలుకల మీదే పీహెచ్‌డీ చేసింది.

"ఆ పాప చదువు నా వల్ల తప్పుగా పోయుంటే? దాన్ని మోసుకొని యాడికి పోయేది అక్కా నేను?"

జబ్బు మనిషిని తిట్టకూడదు. తిట్టాను. ఒక్క నిమిషంలో అడిగి తెలుసుకోవాల్సింది ఆరేళ్ళు కడుపులో పెట్టుకున్నావా అన్నాను. వాడి ఫోన్లోంచే హేమ నంబరు తీసుకుని, ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆ అమ్మాయి, "ఫోన్లో వద్దవ్వా, ఆదివారం నేనే వస్తాను" అంది.

నాలుగు రోజులు. ఆ అమ్మాయి ఏం మోసుకొస్తుందోనని నాకు సరిగా అన్నం దిగలేదు. వాడికి ఊపిరే సరిగా ఆడటం లేదు. ఆదివారం దాకా ఉంటాడా అన్నది నేను ఎవరితోనూ అనలేదు.

హేమ వచ్చింది. సంచిలోంచి పాత ల్యాబ్ నోట్‌బుక్ తీసి నా చేతికి ఇచ్చింది. కళ్ళద్దాలు పెట్టుకుని పైకి చదివాను. ప్రతి షుగర్ రీడింగు పక్కన ఆ ఎలుక చెవి నంబరు. పేజీ అంచున ఒక వాక్యం: కార్డులు తారుమారయ్యాయి, పరీక్షకు ముందే చెవులు చూసి సరిచేశాను.

"ఆ దినమే చూసినాను తాతా. మీరు నొచ్చుకుంటారని చెప్పలేదు."

"చెవి చూసినావా పాపా?"

"మీరే కదా నేర్పించినారు."

వాడు నవ్వాడు. నవ్వితే దగ్గు. దగ్గు ఆగాక గౌరమ్మను కాఫీ అడిగాడు, ఎన్నో రోజుల తర్వాత. అందరికీ తెప్పించాడు.

నా వైపు తిరిగి, "చూసినావా అక్కా? నీ కాయితం కాదు, నా చెవి" అన్నాడు.

"కాయితం మీద రాసిపెట్టబట్టే కదరా ఈ రోజు తెలిసింది" అన్నాను. ఇద్దరం ఒప్పుకోలేదు.

చిన్నప్పుడు వాడి చేత కాపీలు రాయించి, కొట్టివేతలుంటే మళ్ళీ మొదటినుంచి రాయించేదాన్ని. తప్పు చేస్తే చెప్పుకోవచ్చని మాత్రం నేర్పలేదు. ఆ పొరపాటు నాది. అది కూడా ఇక్కడ రాసిపెడుతున్నాను.

నిన్న వాడి ముఖం దగ్గరగా చూశాను. ఇన్నాళ్ళూ నుదుటి మీద ఉన్న ముడత లేదు.

టోకెన్ చూసి కాదు మునిరత్నం, ముఖం చూసి చెబుతున్నాను. నువ్వు పైకి వచ్చేశావు.

ఇంక హాయిగా ఊపిరి తీసుకో అప్పా. నీకు శాంతి కలగాలి.

మీ అక్క