కాలువకి దూరంగా లాగే కారు

కొన్నేళ్ళ కిందట నా కారు కాలువలో పడింది. దింపింది నేనే. అయినా తలుచుకుంటే ఇప్పటికీ లోకం మీదే ఒళ్ళు మండుతుంది. సంగతి చెబుతాను, న్యాయం మీరే చెప్పండి.

మాది కొవ్వూరు దగ్గర పల్లెటూరు. చర్చికి కాలువ గట్టు మీద సన్నటి రోడ్డులో వెళ్ళాలి. కారు కొన్న కొత్తలో మా ఆవిడ సువార్త ఎడమ సీట్లో కూర్చుని, కిటికీ పక్కనే నీళ్ళు చూసి గట్టిగా ప్రార్థన మొదలుపెట్టేది. చివరికి మీ కారూ వద్దు మీరూ వద్దని ఆటో ఎక్కేసింది. సంఘమంతా చూస్తుండగా భార్య ఆటోలో, భర్త కొత్త కారులో! ఇంతకన్నా తలవంపులేముంటాయండీ?

అందుకే చక్రాల అలైన్‌మెంట్ చేసే వెంకట్రావుగారి దగ్గరికి వెళ్ళాను. ఆయన మెషిన్ పెట్టి చూసి, అన్నీ తిన్నగానే ఉన్నాయన్నారు.

"తిన్నగా వద్దండి. కాస్త కుడికి లాగేలా పెట్టండి."

"లాగుతోందని వస్తారండి అందరూ. లాగమని వచ్చింది తమరేనండి."

"మాకు ఎడమ పక్క కాలవుందండి."

ఆయన నన్ను ఎగాదిగా చూశారు. అలా లాగాలంటే కుడి ముందు చక్రాన్ని బయటికి వాల్చాలని, వాలిస్తే టైరు ఒక అంచే అరిగిపోతుందని, స్టీరింగుతో రోజూ కుస్తీ తప్పదని నెత్తీ నోరూ కొట్టుకున్నారు. నేను వింటేగా! గంటసేపు ప్రాణం తీసి చక్రం వాల్పించుకున్నాను.

రోజూ రాజమండ్రి ఆఫీసుకి వెళ్ళిరావడంలో గోదావరి వంతెన పొడుగునా స్టీరింగుని ఎడమకి లాగి పట్టుకోవాల్సొచ్చేది. భుజం పట్టేసింది. నాలుగు నెలలు తిరక్కుండానే కుడి టైరు బయటి అంచు గుండు గీసినట్టు నున్నబడింది. తోలలేక టైరు ఓడన్నట్టు, దాన్ని అమ్మినాయన మీద విరుచుకుపడి వచ్చాను. చక్రం వాల్పించిన సంగతి మాత్రం ఆయనకి చెప్పలేదు.

ఓ ఆదివారం సువార్తని బతిమాలి కారెక్కించాను. గట్టు మీద నెమ్మదిగా పోతూ స్టీరింగు వదిలేశాను. కారు బుద్ధిగా కాలువకి దూరంగా, చేల వైపు జరిగింది. సువార్త మొహం విచ్చుకుంది. ఇక చర్చిలో పాస్టరుగారి ప్రసంగం ఒక్క ముక్క నా బుర్రకెక్కితే ఒట్టు. ఎప్పుడు బయటపడదామా, మళ్ళీ ఎప్పుడు చూపిద్దామా అన్న తొందరే.

ఇంటికి తిరిగొస్తూ అదే గట్టు మీద, ఈసారి రెండు చేతులూ గాల్లోకి ఎత్తాను. కారు మాట తప్పలేదు. కుడికి జరిగింది. ఇంకా జరిగింది. గట్టు దిగి కాలువలో గుర్రపుడెక్క మొక్కల మధ్య మూతి పెట్టి ఆగింది.

మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి, వెంకట్రావుగారికి ఫోను చేసి దులిపేశాను. ఇదేం పనితనమని, మనుషుల ప్రాణాలంటే లెక్కలేదా అని నిలదీశాను.

"కుడికి లాగమన్నారు. లాగిందా లేదాండి?" అన్నారాయన.

నేను ఇంకా అరుస్తూనే ఉన్నాను. సువార్త తడిసిన చీర పిండుకుంటూ గట్టెక్కి, వెనక్కి తిరిగింది.

"వెళ్ళేటప్పుడు ఎడమ పక్కనున్న కాలవ, వచ్చేటప్పుడు మీకోసం రోడ్డు దాటి వస్తుందనుకున్నారా?"

ఫోను పెట్టేశాను.

కాబట్టి గోదావరి జిల్లాల కాలువలన్నిటి సాక్షిగా ఇదే నా శపథం. ప్రాణం ఉన్నంతవరకూ నా కారు తిన్నగా పోవడం తప్ప దాన్ని మరేమీ కోరను. గట్టు మీద ఉన్నంతసేపూ నా రెండు చేతులూ స్టీరింగు మీదే ఉంటాయి, సాక్షాత్తూ పాస్టరుగారే ఎదురొచ్చినా దణ్ణం పెట్టను.