బాపు టాక్సీకి లారీ ఊపిరి

ఒకే ఒక్క ఆదివారం పొద్దున, పావు మైలు దూరం కూడా దాటకుండా, ఒక కారును చంపి, పది మందిని వెక్కివెక్కి ఏడిపించి, కన్నతండ్రి ముందు దొంగలా నిలబడ్డ మొనగాడు మా కొత్తకోటలో ఒక్కడే ఉన్నాడు. అది నేనే. తప్పంతా నాదేనని మా బంధువులు ఇప్పటికీ ప్రతి పెళ్ళిలో చెప్పుకుంటారు. నమ్మకండి. నా తప్పు ముప్పావు వంతే. మిగిలిన పావు వంతు ఎవరిదో నేను మరిచిపోలేదు, వాళ్ళనూ మరిచిపోనివ్వను.

తొంభైల నడుమ సంగతి ఇది. నాకు ఇరవై నాలుగేళ్ళు. మా బాపుకు, అంటే నాన్నకు, తెల్లటి డీజిల్ అంబాసిడర్ ఉండేది. టాక్సీల అడ్డా మీద పెట్టి కిరాయికి తిప్పేవాడు. ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ బండి వల్లే. పొద్దున్నే లేచి ముందు దాని అద్దం కడిగి, తర్వాతే తన మొహం కడుక్కునేవాడు. నా మొహం కడుక్కున్నానో లేదో మాత్రం ఏనాడూ అడిగిన పాపాన పోలేదు.

ఇక రెండో మనిషి మా అక్క మొగుడు సుధాకర్ బావ. మహబూబ్‌నగర్‌లో గుమాస్తా. ఆ యేడు సబ్బుపెట్టెంత కొత్త కారు కొన్నాడు. వాళ్ళ పిల్లవాడి పుట్టెంటికలు తీయించడానికి అందరం ఆలంపూర్ బయలుదేరాం. బావ బండిలో ముగ్గురు. నేను నడిపిన బాపు బండిలో పదకొండు మంది, బియ్యం మూట, రెండు గంగాళాలు, గంగాళంలో కూర్చుని వచ్చిన ఒక ముసలమ్మ. దారిలో బావ నన్ను దాటిపోతూ కిటికీలోంచి చేతిరుమాలు ఊపాడు. దాటడం వేరు, రుమాలు ఊపడం వేరు. మీరే చెప్పండి.

మేనల్లుణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని మొదటి కత్తెర వేయాల్సింది మేనమామ. నేను చేరేసరికి పిల్లవాడి గుండు తళతళలాడుతోంది. కత్తెర మా బాబాయి కొడుకు వేశాడట.

"ఏం బామ్మర్దీ, ఎద్దులు అలిసినయా?" అన్నాడు బావ, పులిహోర నములుతూ. "ముహూర్తం దాటిపోతాందని కానిచ్చినం. పోరనికి మళ్ళ ఎంటికలు మొలిచెదాంక నువ్వు రావనుకున్న."

అందరూ నవ్వారు. బాపు కూడా నవ్వాడు. ఎవరి నవ్వు ఎంతసేపు సాగిందో ఇప్పుడడిగినా చెప్పగలను.

"బావా, జర ఆగు," అన్నాను. "ఒక్క పావు మైలు నీ సబ్బుపెట్టె నా బండి దుమ్ము తాగకపోతే నన్ను బామ్మర్దీ అని పిలువకు."

"నేను పిలువకుంటే ఇంకెవడు పిలుస్తడురా? ఆదివారం ఆదివారం మీ ఊరికి వస్తనే ఉంటగద. ఎప్పుడన్న పట్టు. మూడుసార్లు హారన్ కొట్టు, ఉరికిద్దాం."

ఈ మాట గుర్తుపెట్టుకోండి. అన్నది ఆయనే.

మంగలి దుకాణంలో ఒక పాత ఇంగ్లీషు పత్రిక ఉండేది. అందులో పడవంత పొడుగు కారు, బానెట్ మీద పెద్ద గొట్టం, వెనక మంటలు. రెండు కార్లు పక్కపక్కన నిలబడి పావు మైలు నేరుగా ఉరకడమే దాని పని. మలుపులు లేవు, ముసలమ్మలు లేరు, గంగాళాలు లేవు. డ్రాగ్ రేసు అంటారట. సగం గడ్డం గీయించుకుని, ఆ పత్రిక పట్టుకుని, మెకానిక్ యూసుఫ్ భాయ్ షెడ్డుకు ఉరికాను.

సరిగ్గా అప్పుడే బాపుకు కంటి ఆపరేషన్ అన్నారు. మహబూబ్‌నగర్ దవాఖానలో చేయించుకుని, నెల రోజులు అక్క ఇంట్లోనే ఉండాలి. పోతూ పోతూ తాళంచెవి నా చేతిలో పెట్టాడు. "బండి పైలం బిడ్డా. కిరాయిలు పోకున్న మంచిదే. దాన్ని మాత్రం సతాయించకు."

"నీకెందుకు బాపు ఫికర్," అన్నాను. ఆయన ఎక్కిన బస్సు మలుపు తిరగకముందే స్పానర్ పట్టుకున్నాను.

యూసుఫ్ భాయ్ చేతికి తెలియని ఇంజన్ ఆ చుట్టుపక్కల లేదు. నేను తుక్కు దుకాణంలో సంపాదించిన టర్బో చూసి ఆయన గడ్డం గోక్కున్నాడు. నార్కట్‌పల్లి దగ్గర పల్టీ కొట్టిన లారీది అది. ఇంజన్ వదిలే పొగతో అందులో ఒక చక్రం తిరుగుతుంది, తిరిగి బయటి గాలిని బలవంతాన లోపలికి తోస్తుంది. గాలి ఎక్కువైతే మంట ఎక్కువ, మంట ఎక్కువైతే జోరు ఎక్కువ. నాకు తెలిసింది అంతే. అంతకంటే తెలుసుకోవాలని కూడా అనిపించలేదు.

"అరె నర్సింలూ, గిది లారీ ఊపిరి. నీ బండి ముసల్ది. ముసలోని ముక్కుల పహిల్వాన్ గాలి ఊదితే ఏమైతది?"

"ఉరుకుతడు భాయ్."

"ఉరుకుతడు. సీదా పైకి," అని ఆకాశం చూపించాడు.

మొండిపట్టు పట్టి మూడు రోజులు షెడ్డు ముందే కూర్చున్నాను. నా మొహం చూసి వచ్చే గిరాకీ వెనక్కి పోతోందని ఆయనే ఒప్పుకున్నాడు. బానెట్‌కు బొక్క చేసి, గొట్టం వెల్డింగ్ పెట్టాం. గాలి పీల్చే మూతి మైకు బాకాలా బయటికి వచ్చింది.

"మూతికి ఇనుపతీగల జాలి పెట్టాలె. లేకుంటే ఏది వడితె అది గుంజుతది."

"జాలి పెడితే ఊపిరి తగ్గదా భాయ్?"

"తగ్గుతది."

"అయితే వద్దు."

బరువు తగ్గాలని వెనక సీటు పీకాను, స్టెప్నీ దించాను, వెనక బంపర్ విప్పాను. సీటు ఇంటికి చేర్చితే అమ్మ అరుగు మీద వేసుకుని, దాని మీద కూర్చుని కందులు చెరగసాగింది.

"ఏందిరా, బండి నోరు తెరిచింది?" అంది ఒకనాడు.

"బాపు వచ్చేసరికి కొత్తగ చేస్తున్ననే."

"మరి గీ సీటు?"

"ఎండవెడుతున్న."

అమ్మ నమ్మింది. నమ్మి, కొత్త బండికి దిష్టి తగలకూడదని ఎండుమిరపకాయలు, ఒక పెద్ద నిమ్మకాయ నల్లతాడుకు గుచ్చి ముందు బంపర్‌కు కట్టింది. అందరూ కట్టేచోటే కట్టింది. అమ్మ తప్పు వీసమంత లేదు. నేనే విప్పాను. కింద ఉంటే దుమ్ములో ఎవరికి కనపడుతుంది? అన్నిటికంటే పెద్ద దిష్టి బావదే. ఆయన కంటికి ఎదురుగా ఉండాలని తీసుకెళ్ళి, దండ వేసినట్టు, ఆ బాకా మూతికి కట్టాను.

"అరె, ఆడ ఎందుకు కట్టినవ్?" అన్నాడు యూసుఫ్ భాయ్.

"బావకు కనపడాలె."

ఆయన దాన్ని విప్పకుండానే ఛాయ్‌కు పోయాడు. ఆ పావు వంతులో సగం ఆయనది, మిగతా సగం ఉరికిద్దాం అన్న బావది.

ఆదివారం వచ్చింది. మహబూబ్‌నగర్ నుంచి వచ్చే రోడ్డు ఊరికి రెండు మైళ్ళ ముందు సాపుగా, తిన్నగా ఉంటుంది. అక్కడ బండి పెట్టుకుని నిలబడ్డాను. అడ్డా డ్రైవర్లు పది మంది చూడవచ్చారు. దూరంగా బావ కారు కనిపించింది. కొత్త పెళ్ళికూతుర్ని తెస్తున్నట్టు మెల్లగా, గుంతగుంతకూ మొక్కుతూ వస్తోంది.

"భయపడ్డడు," అన్నాను.

పక్కకు రాగానే బండి కదిపి, మూడుసార్లు హారన్ కొట్టాను. బావ చెయ్యి అడ్డంగా ఊపాడు. మళ్ళీ ఊపుడే! నేను మళ్ళీ కొట్టాను. బొటనవేలితో వెనక్కి చూపించాడు. నా వెనకే ఉండు అంటున్నాడా? ఇంకోసారి కొట్టాను. ఈసారి రెండు చేతులూ జోడించాడు. స్టీరింగ్ వదిలేసి మరీ దండం పెడుతున్నాడంటే, అది వెక్కిరింపు కాక మరేమిటి? అక్క కిటికీలోంచి తల బయటపెట్టి ఏదో అరిచింది. నా సైలెన్సర్ మోతలో ఒక్క ముక్క వినపడలేదు.

కాలితో అణిచాను.

అబద్ధం చెప్పను, ఉరికింది. బాపు బండి పుట్టి బుద్ధెరిగాక అట్లా ఉరకలేదు. తేలు కుట్టిన దున్నపోతులా ఎగిరింది. డ్రైవర్లు ఈలలు వేశారు. బావ కారు అద్దంలో చిన్నదైపోయింది. నేను జేబులోంచి రుమాలు తీసి ఊపాను. ఆ రుమాలు వారం ముందే ఉతికించి పెట్టుకున్నాను.

సరిగ్గా అప్పుడే బాకా మూతి దగ్గర దండ వణికింది. ఒక మిరపకాయ లోపలికి పోయింది. దాని వెనక రెండోది, మూడోది. ఇంజన్ కరకరా నమిలింది. చివరగా నిమ్మకాయ వచ్చి, థప్‌మని మూతికి అడ్డం పడింది. ఊపిరాడని బండి గుర్రుమని, దగ్గి, లోపల ఏదో ఫట్‌మని విరిగి, నడిరోడ్డు మీద నిలబడిపోయింది. వెనక గొట్టంలోంచి పొగ వచ్చింది.

మీ ఇంట్లో ఎప్పుడైనా పోపులో మిరపకాయలు మాడాయా? ఆ పోపును ఒక కారు వేసిందనుకోండి. ఎదురుగాలికి ఆ ఘాటు అంతా వెనక్కి, జనం మీదికి పోయింది. ఈలలు వేసిన నోళ్ళే తుమ్మాయి. డ్రైవర్లు పదిమందీ రోడ్డు పక్కన కూర్చుని, చావు ఇంటికి వచ్చినట్టు ఏడ్చారు. బావ కారు ఆ పొగలోకి వచ్చి ఆగింది. బావ దగ్గుతూ దిగాడు, అక్క తుమ్ముతూ దిగింది. వెనక తలుపు తెరిచి, చెయ్యి పట్టుకుని, ఒక మనిషిని మెల్లగా దించింది.

బాపు.

అమావాస్య ముందే ఇల్లు చేరాలని వారం ముందుగా బయలుదేరాడట. ఆ వార్త చెప్పడానికి మా ఇంట్లో ఫోను లేదు. ఆపరేషన్ అయిన కంటికి దిట్టమైన కట్టు, దాని మీద అక్క కొంగు. కొంగు ఉంది కాబట్టి కన్ను దక్కింది, నేనూ దక్కాను. రెండో కన్నుకు ముందునుంచే చూపు ఆనదు.

"ఎవలదిరా గా బండి?" అన్నాడు బాపు, చెవి రిక్కించి. "ఇంజన్ అచ్చం మన బండి లెక్కనే మొత్తుకున్నది. పాపం, ఏం తినిపిచ్చిన్రో ఏమో."

అక్క మళ్ళీ తుమ్మింది. నాకు వెక్కిళ్ళు వచ్చాయి.

"నర్సింలూ, నువ్వేనా బిడ్డా? ఏడుస్తున్నవేంది? నా కన్ను మంచిగనే ఉంది. జర మన బండి తే. తాడు గట్టి గీ బండిని యూసుఫ్ కాడికి గుంజుకపోదాం. దీని మీద బతికెటోని ఇంట్ల పొయ్యి ఎట్ల మండాలె?"

బావ ముక్కు చీదుకున్నాడు. ఆ క్షణంలో ఆయన మౌనంగా ఉండి ఉంటే నేను అన్నీ మాఫీ చేసేవాణ్ణి.

"మామా, గుంజెతందుకు నా బండి ఉంది. గుంజవలసింది మీ బండే."

బాపు తడుముకుంటూ వచ్చాడు. అద్దం మీద చెయ్యి వేశాడు, గుర్తుపట్టాడు. బానెట్ మీదికి జరిపాడు. బొక్క దగ్గర చెయ్యి ఆగింది. బాకా తడిమాడు. నిమ్మకాయ పీకి, వాసన చూశాడు. వెనక్కి పోయి, తలుపు తీసి, గాలిలో చెయ్యి తిప్పాడు.

"సీటేదిరా?"

"అమ్మ... కందులు చెరుగుతాంది బాపు."

బాపు తలుపు మూశాడు. తిట్టలేదు, కొట్టలేదు. తన బండిలోనే ముందు సీట్లో కూర్చున్నాడు. నేను స్టీరింగ్ పట్టుకున్నాను. సబ్బుపెట్టె ముందు, మేం వెనక, మధ్యలో తాడు. బజారంతా బయటికొచ్చి నిలబడింది. అప్పుడు బాపు కిటికీలోంచి తల బయటపెట్టి, ఊరంతా వినేటట్టు కేకేశాడు.

"అల్లుడా, జర జోరుగ గుంజు! మావోనికి జోరంటే పానం!"

రెండు నెలలు ఇంజన్ యూసుఫ్ భాయ్ షెడ్డులో పొట్ట తెరుచుకుని పడి ఉంది. ఆ రెండు నెలలూ బాపు అడ్డా మీద బండి లేకుండా కూర్చున్నాడు, నేను లారీకి క్లీనర్‌గా పోయి ఇంట్లో పొయ్యి వెలిగించాను.

అసలు ఆ రోజు బావ పందెమే వేయలేదని అందరూ అంటారు. అది ఆయన ఇష్టం. మూడు హారన్లు కొట్టాక రోడ్డు మీద ఉన్నాడు, నా వెనక ఉన్నాడు. దాన్ని ఓడిపోవడం అనే అంటారు.

అయినా సరే, యూసుఫ్ భాయ్ షెడ్డులో, ఇంజన్ ఆయిల్ అంటిన చేతిని నెత్తిన పెట్టుకుని ప్రమాణం చేశాను: ఈ జన్మలో ఏ బండికీ మరో బండి ఊపిరి ఊదను. ఎదుటి కారు వెనక సీట్లో ఎవరున్నారో కళ్ళారా చూడకుండా మూడుసార్లు హారన్ కొట్టను. కొట్టాల్సి వస్తే, రెండుసార్లే కొడతాను.