నాన్న పక్కన రెండు చుక్కలు

డాక్టరు కత్తి పట్టడానికి ఒకరోజు ముందే, నొప్పి తెలియకుండా నాగప్పన్ గొంతును నిలువునా బయటికి లాగేసింది అలమేలు. మద్రాసు సినిమావాళ్ల పేట కోడంబాక్కంలో ఎవరినైనా అడగండి. నమ్మనివాళ్ల ఖర్మ.

తొంభై ఎనిమిదిలో ఆమె ఒక డబ్బింగ్ థియేటరులో కంప్యూటరు మీద స్క్రిప్టులు కొట్టేది. తెలుగులోకి మారుస్తున్న ఒక తమిళ సీరియల్లో తండ్రి పాత్రకు మొదటినుంచీ నాగప్పన్‌దే గొంతు. ఆ గొంతులోనే పుండు లేచింది. సోమవారం ఆపరేషన్, ఆ తర్వాత మాట వస్తుందో రాదో చెప్పలేమన్నారు. ఆ తండ్రి నోట ఇంకొకడి గొంతు వినలేనని, మిగిలిన ఎపిసోడ్ల మాటలన్నీ ఆదివారమే చెప్పేసి పోతానని ఆయన పట్టుబట్టాడు.

అందరి మాటలూ ఒకే పెద్ద ఫైలులో కలగలిసి ఉన్నాయి, ఒక్కో మాట ముందు చెప్పేవాళ్ల పేరు, పక్కన రెండు చుక్కలు. కళ్లతో ఏరుకుంటూ కూర్చుంటే ఆదివారం అక్కడే తెల్లారిపోతుంది. అందుకని అలమేలు కంప్యూటరుకు ఒక నమూనా రాసిచ్చింది. దాన్నే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ అంటారు. సీను సీనుకీ వెళ్లి, 'నాన్న' అన్న పేరు, పక్కన రెండు చుక్కలు, ఆ తర్వాతి మాట, ఎన్నిసార్లుంటే అన్నిసార్లూ పట్టుకో అని దానర్థం. కన్ను మూసి తెరిచేలోగా ప్రింటరు కాగితాలు కక్కింది.

నాగప్పన్ మైకు ముందు నిలబడ్డాడు. "పోయొస్తా తల్లీ." తర్వాతి సీను. "తలుపేసుకోండి." ఆ తర్వాతిది. "ఇంక నన్ను పిలవద్దు." అక్కడ ఆగిపోయాడు. అద్దం అవతల సౌండు చూసే అంతోని హెడ్‌ఫోన్ తీసేశాడు.

"ఏం అలమేలూ, ఈడ నాకన్నీ పోయే మాటలేనా? ఉండే మాట ఒకటన్నా రాయలేదా వాళ్లు?" అన్నాడు నాగప్పన్.

అలమేలు తాను రాసిన నమూనాను మళ్లీ చూసుకుంది. నమూనా ప్రతి మాటనూ పట్టింది, నిజమే. పెట్టుకోవడానికి మాత్రం తాను సీనుకు ఒక్క గిన్నే ఇచ్చింది. కొత్త మాట పడినప్పుడల్లా పాతది ఒలికిపోయి, సీను చివర చెప్పి వెళ్లిపోయే మాటొక్కటే మిగిలింది.

"ఉండాయి మామా. నేనే పారబోసినా. రవంత సేపు గొంతు దాచిపెట్టుకోండి."

ఈసారి అన్నీ ఒక్కసారిగా పట్టమనలేదు. ఒక మాట పట్టు, కాగితం మీద పెట్టు, అది ముగిసిన చోటినుంచి మళ్లీ వెతుకు, ఇంక దొరకదనేదాకా ఆగొద్దు అంది. కూతురికి లెక్కలు చెప్పడం, పులుసులో ఉప్పెక్కువైందని గొణగడం, నిద్రపోతున్న పిల్లతో చెప్పుకున్న కబుర్లు, అన్నీ వచ్చాయి. తండ్రి ఇంటికి తిరిగొచ్చాడు.

సాయంత్రానికి నాగప్పన్ గొంతు ఇసుక రాలినట్టుంది. చివరి మాట చెప్పాక కూడా మైకును వదల్లేకపోయాడు.

ఆపరేషన్ తర్వాత ఆయనకు మాట రాలేదు. సీరియల్ నడిచినన్నాళ్లూ టీవీ ముందు కూర్చుని, తన గొంతుకు తానే పెదాలు కదిపేవాడు.

గొంతు తీసిన ఘనురాలని ఎవరైనా పొగిడితే అలమేలు తల కూడా ఎత్తదు. "గొంతు తీసింది డాక్టరు. పేరున్న చోటంతా మాట తీసినా నేను. అదీ రెండోసారికి."