మగ్గం మీద మిగిలిన పోగులు

పోయిన ఆదివారం పొద్దున మా చెల్లెలి కూతురు హైదరాబాదు నుంచి ఆదోనికి వచ్చి, కాఫీ అయినా తాగకుండా సంచిలోంచి ఒక ఫారం, రెండు చిన్న గొట్టాలు, ఒక ఐసు డబ్బా తీసి బల్ల మీద పెట్టింది. పరిశోధన చేస్తోంది కదా, తల్లి వైపు ఆడవాళ్ళ రక్తం కావాలట. సూది గుచ్చడానికి పక్క వీధి ల్యాబు అమ్మాయిని కూడా పిలిపించింది. ఫారంలో వయసు, బరువు, బీపీ చకచకా రాసేశాను. ఆ తర్వాతి ప్రశ్న, మీ తల్లి వైపు ఎవరికైనా మతిమరుపు జబ్బు ఉందా అని. అక్కడ నా పెన్ను ఆగిపోయింది.

కళ్ళజోడు నెత్తిన పెట్టుకొని ఇల్లంతా వెతకడం నా వయసు వాళ్ళందరికీ మామూలే, నవ్వుకొని ఊరుకుంటాం. నేను మాత్రం నవ్వలేను. మా అమ్మకు అట్లాగే మొదలైంది.

ఇంతకీ ఆ పిల్ల వెతుకుతున్నది మైటోకాండ్రియా సంగతి. ఆ పేరు వినగానే నాకు ఊపు వచ్చింది. ఆడపిల్లల హైస్కూల్లో ముప్పై ఏళ్ళు నేను చెప్పిన పాఠమే కదా! అది కణానికి శక్తినిచ్చే కర్మాగారం, ఒక మార్కు ప్రశ్న, అంతే. ఇంకో ముక్క ఎక్కువ రాసిన పిల్లల జవాబును ఎర్ర సిరాతో అడ్డంగా కొట్టేసేదాన్ని. ఇప్పుడు ఈ పిల్ల వచ్చి, ఆ కర్మాగారం శక్తి ఒక్కటే కాదు, కబుర్లు కూడా పంపుతుందని చెబుతోంది. మైటోకాండ్రియాకు సొంతంగా ఒక చిన్న జన్యుపోగు ఉంది, అది తల్లి నుంచే పిల్లలకు వస్తుంది. అందులోని కొన్ని భాగాలకు తమకు తెలిసిన ఒక్క పని తప్ప ఇంకేమీ లేదని ఇన్నాళ్ళూ అనుకున్నారు. తీరా చూస్తే వాటి లోపల బుల్లి బుల్లి రాతలు దాగి ఉన్నాయి. వాటి నుంచి పెప్టైడ్లనే చిన్న ప్రోటీను ముక్కలు తయారై, కణం దాటి, రక్తంలో కలిసి దూరాన ఉన్న అవయవాలకు పోతాయట. ఒకటి మెదడు కణాలు చచ్చిపోకుండా అడ్డుపడుతుందని ప్రయోగశాలలో చూశారు. ఇంకొకటి ఒళ్ళు వంచి పనిచేసినప్పుడు పెరుగుతుంది, ఒంట్లో చక్కెర సరిగ్గా ఖర్చు కావడానికి తోడ్పడుతుంది. వయసు పెరిగేకొద్దీ ఇవి చాలావరకు తగ్గుతాయి. తగ్గడం వల్ల ముసలితనం వస్తుందా, ముసలితనం వల్ల ఇవి తగ్గుతాయా అని అడిగితే, అది తేలితే నాకింత తిరుగుడు ఎందుకు పెద్దమ్మా అని నవ్వింది.

వింటుంటే నాకు ఎమ్మిగనూరులో మా అమ్మను కన్న అవ్వ మగ్గం గుర్తొచ్చింది. ఏటా శ్రావణంలో ఉరుకుంద ఈరన్న దర్శనానికి, బస్సులు ఉన్నా నడిచే పోయిన మనిషి. ఎనభై దాటినా మనవళ్ళ పేర్లు, ఎవరు ఏ వానాకాలంలో పుట్టారో కూడా వరసగా చెప్పేది. వేసవి సెలవులకు అమ్మ నన్ను ఆమె దగ్గరికి తీసుకుపోయేది. నాకు తొమ్మిదో పదో ఏడు. అవ్వ ఒక చీర నేయడం ముగించి, కోసి తీసి, నీళ్ళకు పోయింది. మగ్గానికి పాత పడుగు పోగులు జానెడు పొడవున వేలాడుతున్నాయి. చెత్త అనుకున్నాను. శుభ్రం చేసి మెప్పు పొందుదామని కత్తెర తెచ్చి, సగం పోగులు కత్తిరించి లాగి పారేశాను.

బిందెతో వచ్చిన అవ్వ గడప దగ్గరే నిలబడిపోయింది. "ఎంత పని సేసినావే! కొత్త నూలుకు దారి సూపించేది ఆ తోకనే గదా!" అంది. పడుగు అయిపోయినా ఆ కొసలను దువ్వెన లాంటి పన్నె సందుల్లోంచి ఊడదీయరనీ, కొత్త పడుగు పోగులను వాటికే ఒక్కొక్కటిగా పేని అతికి ముందుకు లాగుతారనీ నాకప్పుడు తెలియదు. నేను లాగేసిన సగాన్ని అవ్వ, అమ్మ మూడు రోజులు కూర్చొని ఒక్కో సందులోంచి మళ్ళీ ఎక్కించారు. అమ్మ నన్ను కొట్టలేదు. పక్కన కూర్చోబెట్టుకొని, వేళ్ళకు బూడిద అద్ది, రెండు కొసలు కలిపి పేనడం నేర్పింది. మగ్గం మీద ఎప్పుడు మొదలైన పోగో ఎవరికీ తెలియదు, అతుకుతూ పోవడమేనని చెప్పింది.

తల్లి నుంచి వచ్చే ఆ జన్యుపోగు అవ్వకూ, అమ్మకూ, నాకూ ఒక్కటే. అవ్వ చివరిదాకా చురుగ్గా ఉంది. అమ్మ డెబ్బై నిండకుండానే, కూతురినని మరిచిపోయి నన్ను టీచరమ్మా అని పిలవడం మొదలుపెట్టింది. నేను ఎవరి దారిన పోతాను? సిగ్గు విడిచి ఆ మాటే అడిగేశాను.

"ఆ ఒక్కదాన్ని బట్టి సెప్పలేం పెద్దమ్మా. ఇంకా శానా సంగతులుంటాయి," అంది చెల్లెలి కూతురు. అలాంటి పెప్టైడ్లలో మొదటిది ఎక్కడ దొరికిందో కూడా చెప్పింది. మతిమరుపు జబ్బుతో పోయిన మనిషి మెదడులో, చెడిపోకుండా మిగిలిన భాగంలో వెతికితే దొరికిందట.

నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అమ్మ చివరి ఏడాది, ఒక మధ్యాహ్నం నా చీర కొంగు కుచ్చులో పోగు తెగింది. నా ముఖమే గుర్తుపట్టని అమ్మ, దేవుడి దగ్గరి విభూతి వేళ్ళకు అద్దుకొని, ఆ రెండు కొసలు పట్టుకొని చక్కగా పేనేసింది. రెండోది తెగితే నేనే పేనాను. అమ్మ వంగి చూసి, "బాగ అతికినావే టీచరమ్మా! ఎవురు నేర్పిచ్చినారు నీకు?" అని అడిగింది. నువ్వే అన్నాను. సంతోషంగా తలూపింది గానీ, నమ్మలేదు.

ఇప్పుడు ఎమ్మిగనూరు ఇంట్లో మగ్గం గుంట పూడ్చి బండలు పరిచారు, అక్కడ సెల్ ఫోన్లు బాగుచేస్తున్నారు. అవ్వ చేతి పని ఆ ఇంట్లో ఎవరికీ రాదు. నాకు ఇద్దరూ మగపిల్లలే కాబట్టి అమ్మ పోగు వాళ్ళతో ఆగిపోతుంది, ముందుకు పోయేది చెల్లెలి కూతురితోనే. ఫారంలో 'ఉంది, మా అమ్మకు' అని రాసి, చేయి చాపాను. రక్తం తీసుకున్నాక ఆ పిల్ల డబ్బా సర్దుకోబోతుంటే ఆగమన్నాను. విభూతి పళ్ళెం, రెండు దారపు ముక్కలు తెచ్చి పేనడం నేర్పాను. నాలుగోసారికి అతుకు నిలిచింది.

రేపెప్పుడైనా నేను కూడా అమ్మలాగే నిన్ను గుర్తుపట్టక టీచరమ్మా అని పిలిచి, ఇది ఎవరు నేర్పించారని అడిగితే, 'నువ్వే' అని చెప్పు అన్నాను. నమ్మకపోతేనో అంది. నమ్మకపోయినా చెప్పు అన్నాను.